పీటల మీద నేను, సీలింగులో నా గొంతు

పెళ్ళికి వచ్చినవాళ్ళని చేతులు జోడించి లోపలికి పిలిచిన పెళ్ళికొడుకులు లోకంలో కోకొల్లలు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి, "ఏ పని చేస్తున్నా అక్కడితో ఆపేసి బయటికి వెళ్ళిపోండి" అని హాలు దద్దరిల్లేలా ఆజ్ఞాపించిన పెళ్ళికొడుకుని మాత్రం నేనొక్కణ్ణే అయివుంటాను. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఆవిడ తరపు చుట్టాలు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు గనక, మీరు నవ్వినంత మాత్రాన నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

రెండువేల ఐదో, ఆరో ప్రాంతం. నేను డిప్లొమా చదివి తెనాలిలో ప్రసాదరావు గారనే ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆయన ఫైర్ అలారాలు అమ్మి బిగించే వ్యాపారం పెట్టారు. అప్పట్లో మా ఊళ్ళో ఆ సరుకు ఏంటో చాలామందికి తెలియదు. దుకాణం ముందు వరసగా పెట్టిన ఎర్ర సిలిండర్లు చూసి గ్యాస్ బుక్ చేయడానికి వచ్చేవాళ్ళు. లేదండి, ఇవి మంట ఆర్పేవి అని చెబితే, వెలిగించేవి ఎప్పుడొస్తాయని అడిగి వెళ్ళేవాళ్ళు.

తెలియనివాళ్ళ కోసం నా విద్య గురించి నాలుగు ముక్కలు. పొగ డిటెక్టర్ అంటే సీలింగుకి బోర్లించిన సాసరు లాంటి వస్తువు. అందులోకి పొగ వెళ్ళగానే గోడకున్న పెట్టెకి కబురు పెడుతుంది. ఆ పెట్టెని పానెల్ అంటాం. పానెల్ హారన్ మోగిస్తుంది. ఏ డిటెక్టరు ఎంత పొగకి కబురు పెట్టాలో పానెల్లో మనమే నిర్ణయించాలి. మరీ చురుగ్గా పెడితే అగరొత్తికి కూడా ఊరంతా లేపుతుంది. మరీ మందంగా పెడితే కొంప సగం కాలాక తీరిగ్గా పలుకుతుంది. ఈ చురుకూ మందం నిర్ణయించే అధికారం నా చేతిలో ఉండేది. ఇరవై ఆరేళ్ళ కుర్రాడి చేతిలో అంత అధికారం పెట్టకూడదని ఇప్పుడు నా నిశ్చితాభిప్రాయం.

ఆ రోజుల్లోనే రేపల్లె సంబంధం వచ్చింది. పెళ్ళికూతురు మాధవి. తండ్రి కోటేశ్వరరావు గారు అక్కడి ఒక హైస్కూల్లో హెడ్మాస్టరు. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, ఉద్యోగం ఏంటి బాబూ అని అడిగారు. ఫైర్ అలారం సిస్టమ్స్ అండి అన్నాను, వీలైనంత ఇంగ్లీషు ఉచ్చారణతో.

"అంటే ఏం చేస్తుందండి అది?"

"ఎక్కడన్నా నిప్పంటుకుంటే గంట మోగుతుందండి."

"గంటా." ఆయన కళ్ళజోడు మళ్ళీ సర్దుకున్నారు. "మా స్కూల్లో ఆ పని అటెండరు చూసుకుంటాడు."

తలుపు చాటు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వింది మాధవి అని తర్వాత తెలిసింది. అమ్మాయి సరేనంది, జాతకాలు సరేనన్నాయి, చివరికి హెడ్మాస్టరు గారూ సరేనన్నారు. కానీ ఆయన ఒప్పుకున్నది నన్నే, నా ఉద్యోగాన్ని కాదు. ఆ సంగతి ఆయన మొహంలో స్పష్టంగా కనపడేది. నిశ్చితార్థం అయ్యాక కూడా నన్ను బంధువులకి పరిచయం చేస్తూ, "మా అల్లుడు తెనాలిలో ఉంటాడండి" అని ఆగిపోయేవారు. ఏం చేస్తుంటాడని వాళ్ళు అడిగేలోపల కాఫీల సంగతి ఎత్తేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళయ్యేలోగా ఈయన నోటితోనే నాది ఉద్యోగమేనని అనిపించాలని పంతం పట్టాను. నా కష్టాలన్నిటికీ ఆ పంతమే కారణం.

సరిగ్గా అప్పుడే బాపట్లలో ఒక పని తగిలింది. అక్కడ వెంకటరత్నం గారని ఒక రైసుమిల్లు యజమాని, మూతబడిన పాత సినిమా హాలు కొని కల్యాణ మండపంగా మారుస్తున్నారు. తెర ఉన్న చోట పెళ్ళి వేదిక. టిక్కెట్లిచ్చే గది ఆఫీసు. ప్రొజెక్టరు గది పెళ్ళికొడుకు విడిది. నేల, బెంచీ, కుర్చీ తరగతులన్నీ కలిపేసి పాలరాయి పరిచేశారు. పైన బాల్కనీ మాత్రం అలాగే ఉంచేశారు. ఆయన హైదరాబాదు హోటల్లో ఎక్కడో మాట్లాడే అలారం చూసి వచ్చారట. "అబ్బాయ్, ఉత్త కూత కాదు, నాకు మాటలు రావాలి. మర్యాదగా, తెలుగులో" అన్నారు.

గొంతు ఎవరిదని ప్రశ్న వచ్చింది. ప్రసాదరావు గారు ఎవరన్నా ఆడపిల్ల చేత చెప్పిద్దామన్నారు. ఆపద సమయంలో గంభీరమైన గొంతు కావాలండి అని నేనే వాదించాను. గంభీరమైన గొంతు మన దుకాణంలో ఎవరికుందిరా అని ఆయన అమాయకంగా అడిగారు. నేను పటికబెల్లం నీళ్ళు కలుపుకుని తాగాను. బస్సుల హారన్లు వినపడకుండా షట్టరు దించేసి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ, రేడియోలో వార్తలు చదివేవాళ్ళని మనసులో తలుచుకుని ఇలా చెప్పాను:

"ప్రియమైన అతిథులకు మనవి. ఇక్కడ మీకు ప్రమాదం పొంచి ఉంది. మీరు ఏ పని చేస్తున్నా అక్కడితో ఆపేయండి. ఎవరి కోసమూ ఎదురు చూడకుండా వెంటనే బయటికి వెళ్ళిపోండి. మళ్ళీ పిలిచేవరకు ఎవరూ లోపలికి రావద్దు."

ప్రసాదరావు గారు విని, బాగానే ఉంది గానీ ఎవరినో ఇంట్లోంచి తరిమేస్తున్నట్టుందిరా అన్నారు. అదే కదండీ మనకి కావాల్సింది అన్నాను.

ఇక డిటెక్టర్ల సంగతి. వేదిక మీద ఎలాగూ హోమాలూ హారతులూ ఉంటాయి గనక, పెళ్ళి రోజున అక్కడివాటిని పానెల్లోంచి పక్కనపెట్టేయాలి. అంటే అవి సీలింగుకి ఉంటాయి గానీ ఎంత పొగ తగిలినా నోరెత్తవు. ఇది తెలివైన ఏర్పాటే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. తెలివితక్కువ పని హాలుకి రెండో చివర, బాల్కనీ కింద జరిగింది. అక్కడ సీలింగు బాగా కిందికి ఉంటుంది. పెళ్ళిళ్ళలో మగవాళ్ళు సిగరెట్లు వెలిగించుకోవడానికి చేరేది అక్కడేనని వెంకటరత్నం గారి భయం. కొత్త సోఫాలకి చిల్లులు పడతాయట. "అక్కడ ఒక్కడు అగ్గిపుల్ల గీసినా నాకు తెలియాలబ్బాయ్" అన్నారు.

అలా అడగడం ఆయన తప్పు కాదు. అంత చురుకు పనికిరాదండి అని చెప్పాల్సిన వృత్తి నాది. నేనేం చేశానంటే, బాల్కనీ కింద డిటెక్టర్లన్నిటినీ ఎంత చురుగ్గా పెట్టొచ్చో అంత చురుగ్గా పెట్టాను. అది చాలక ఇంకో అడుగు ముందుకేశాను. మామూలుగా పానెల్ పొగ కబురు వినగానే అరవదు. ఓ క్షణం ఆగి, మళ్ళీ కనుక్కుని, నిజమేనని తేలాకే అరుస్తుంది. ఆ ఆలోచించుకునే వ్యవధి కూడా తీసేశాను. సిగరెట్ వెలిగించి చూపిస్తే, మొదటి పొగ పైకి వెళ్ళీ వెళ్ళకముందే హాలంతా నా గొంతు మార్మోగింది. వెంకటరత్నం గారు మురిసిపోయి నా భుజం తట్టారు. ఆయన వాచ్‌మన్ మాత్రం నా గొంతు వినాలని సరదా పుట్టినప్పుడల్లా మీటలు నొక్కుతున్నాడని తెలిసి, పానెల్‌కి నాలుగంకెల రహస్య సంఖ్య పెట్టాను. అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, ప్రసాదరావు గారితో సహా.

హాలు సిద్ధమయ్యాక నా బుర్రలో దీపం వెలిగింది. పెళ్ళి ఇందులోనే చేసుకుంటే? మామగారు వస్తారు. సీలింగు చూస్తారు, పానెల్ చూస్తారు, మిణుకుమిణుకుమనే దీపాలు చూస్తారు. అన్నీ మీరే పెట్టారా బాబూ అంటారు. నేను వినయంగా తల దించుకుంటాను. ఈ దృశ్యం పగలూ రాత్రీ నా కళ్ళముందు ఆడుతుండేది.

ఆయనకేమో పెళ్ళి రేపల్లెలోనే చేయాలని ఉంది. చుట్టాలందర్నీ రైలెక్కించి, తెనాలిలో దింపి, మళ్ళీ బాపట్ల బండెక్కించడం ఏంటని విసుక్కున్నారు. నేను పట్టు వదల్లేదు. మాధవి మేనమామలది బాపట్లేననీ, ఏసీ హాలనీ, మొట్టమొదటి పెళ్ళి మనదేననీ ఫోన్ల మీద ఫోన్లు చేశాను. చివరికి ఆయన, "సరే బాబూ, మీరింత ఇదిగా చెబుతున్నారు. మీ గంట కూడా చూద్దాం" అన్నారు. ఆ మాటకి నేను పొంగిపోయాను.

పెళ్ళికి ముందురోజు సాయంత్రమే హాలుకి వెళ్ళి, వేదిక మీద డిటెక్టర్లు పక్కనపెట్టేశాను. మామగారి ఎదుటే పంతులు గారితో, "పొగ విషయం మీరు పూర్తిగా మర్చిపోండి. ఎంత కావాలంటే అంత పెట్టుకోండి, నేను ఏర్పాటు చేశాను" అని భరోసా ఇచ్చాను. మామగారు మొదటిసారి నావైపు కాస్త గౌరవంగా చూసినట్టనిపించింది. హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే పంతులు గారు వేదిక ఎక్కి దిక్కులు చూసుకున్నారు. పాత సినిమా తెర తూర్పు గోడకి ఉండేది. అంటే ఆ వేదిక మీద జనానికి ఎదురుగా కూర్చుంటే పెళ్ళికొడుకు మొహం పడమటికి ఉంటుంది. కుదరదన్నారు పంతులు గారు. చూసేవాళ్ళందరూ తూర్పు ముఖంగా కూర్చుంటారు కదండీ అన్నారు వెంకటరత్నం గారు, తన హాలుని కాపాడుకునే ఆత్రంలో.

"పెళ్ళి చేసుకునేది చూసేవాళ్ళు కాదు కదండీ" అన్నారు పంతులు గారు.

పోనీ వేదిక మీదే తూర్పుకి తిప్పి కూర్చోబెడితే జనానికి మా వీపులు కనపడతాయి. ఆలోచించి ఆలోచించి పెద్దలందరూ ఒక పరిష్కారం కనిపెట్టారు. మండపాన్ని హాలు రెండో చివరికి మార్చేస్తే పెళ్ళికొడుకు తూర్పుకీ ఉంటాడు, జనానికి ఎదురుగానూ ఉంటాడు. డెకరేషను వాళ్ళు గొణుక్కుంటూనే స్తంభాలూ పూలూ మోసుకెళ్ళి అక్కడ నిలబెట్టేశారు. కుర్చీలన్నీ అటు తిప్పేశారు. అక్కడ అంటే ఎక్కడో మీకు అర్థమయ్యే ఉంటుంది. బాల్కనీ కింద.

ఈ మార్పు జరుగుతున్నంతసేపూ నేను ప్రొజెక్టరు గదిలో మంగళస్నానం చేసి, పసుపు కడుక్కుంటూ ఉన్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని ఎవరికి తెలుసు? ముస్తాబై మెట్లు దిగగానే ఎదురుగా మండపం కనపడింది. ఎక్కువ నడిపించకుండా ఎంత దగ్గర పెట్టారో పాపం అనుకున్నాను. అలారాలు బిగించేవాణ్ణి, ఏ గదిలో అడుగుపెట్టినా ముందు సీలింగు చూసే అలవాటున్నవాణ్ణి, ఆ ఒక్కరోజు తల ఎత్తి చూడలేదు. నుదుట బాసికం కట్టాక మనిషికి పెళ్ళికూతురు వచ్చే దారి తప్ప వేరే దిక్కు కనపడదండి.

గణపతి పూజ అయ్యింది. మేనమామలు మాధవిని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చి నా ఎదుట దింపారు. మధ్యలో తెర. ఒక కొస మాధవి బాబాయి పట్టుకున్నారు, రెండో కొస సంగం జాగర్లమూడి నుంచి వచ్చిన మా పెదనాన్న. తెర కింద నుంచి మాధవి పారాణి పాదాలు కనపడుతున్నాయి. ముహూర్తం దగ్గర పడుతోంది. అప్పుడు మాధవి నాయనమ్మ గారు నిప్పుల మూకుడుతో వచ్చారు. అబ్బాయి ఎంతైనా పెట్టుకోమన్నాడటగా అంటూ, గుప్పెడు సాంబ్రాణి తీసి నిప్పుల మీద చల్లి, మా ఇద్దరి చుట్టూ తిప్పారు. పక్కనే పంతులు గారు పళ్ళెం నిండా కర్పూరం వెలిగించారు. వాసన దివ్యంగా ఉంది. నేను గట్టిగా పీల్చుకున్నాను.

పంతులు గారు చెయ్యెత్తారు. గట్టిమేళం మొదలైంది. నా చెయ్యి తెర మీదుగా మాధవి తల మీద పెట్టించారు, ఆమె చెయ్యి నా తల మీద. మంత్రం పూర్తయ్యేవరకు ఎవరూ చెయ్యి తీయకూడదని గట్టిగా చెప్పారు. నా చేతి కింద జీలకర్ర బెల్లం వెచ్చగా అతుక్కుంది. జీవితంలో ఇంతకన్నా మంచి క్షణం ఉండదని నేను అనుకుంటూ ఉండగా హారన్ కూసింది.

ఏసీలు ఆగిపోయాయి. మైకు ఆగిపోయింది. ఈ రెండూ మంటలప్పుడు ఆగిపోవాలని నేనే పెట్టాను. తర్వాత నలుమూలల నుంచీ గంభీరమైన గొంతు వినపడింది.

"ప్రియమైన అతిథులకు మనవి."

అప్పుడు తల ఎత్తి సీలింగు చూశాను. అతిథులు మాత్రం ఇంకా చిరునవ్వుతో వింటున్నారు, పెళ్ళికొడుకు తరపున ఏదో స్వాగతం అనుకుని. ప్రమాదం పొంచి ఉందన్న దగ్గర చిరునవ్వులు ఆగాయి. ఏ పని చేస్తున్నా ఆపేయండి అన్న దగ్గర అందరూ నావైపు తిరిగారు. వెళ్ళిపోండి అన్న దగ్గర లేచారు. పక్క తలుపులు ఆ గొంతుతోపాటే వాటంతటవే బార్లా తెరుచుకున్నాయి, అదీ నా ఏర్పాటే. మా పెదనాన్న ఎప్పుడూ పెద్దల మాట కాదనని మనిషి. సీలింగులోంచి వచ్చిన మాట ఇంకా పెద్దదనుకున్నారేమో, తెర కొస వదిలేసి బయటికి నడిచారు. ఆయన వదిలాక బాబాయి గారూ వదిలేశారు.

పంతులు గారు చెప్పకముందే తెర జారిపోయి, మాధవీ నేనూ ఎదురెదురుగా పడ్డాం. తలల మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ఇది మీ గొంతేనా?" అంది మాధవి.

"నాదే."

"నన్ను కూడా వెళ్ళమంటారా?"

"నువ్వు మాత్రం కదలకు" అన్నాను. నా గొంతులో గాంభీర్యం అప్పుడు ఏ మూలా లేదు.

ఇంతలో మామగారు వచ్చారు. ఆయన మొహం పాలిపోయింది. చుట్టూ జనం ఖాళీ అయిపోతున్నారు, పైనుంచి అల్లుడి గొంతు అందర్నీ పొమ్మంటోంది. ఆడపిల్ల తండ్రి ఏమనుకుంటాడు? ఆయన వంగి, పరాయివాళ్ళు వినకూడదన్నట్టు, చాలా మెల్లగా అడిగారు.

"ఏమన్నా ఇబ్బందా బాబూ? ఉంటే ముందే చెప్పొచ్చు కదండీ."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆయన కళ్ళలో అంత భయం నేను అంతకు ముందు చూడలేదు. ఆయన చేత ఉద్యోగాన్ని ఒప్పించాలని నేను చేసిన హడావుడంతా చివరికి ఆయన్ని ఆ స్థితికి తెచ్చింది. ఇబ్బంది లేదండి, పెళ్ళి నాకు ఇష్టమేనండి, పొగండి, అలారమండి అని నోటికొచ్చినట్టు చెప్పాను. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అయితే ఆపండి అన్నారు. లేవబోయాను. మంత్రం ఆపకుండానే పంతులు గారు కూర్చోమని వేలు చూపించారు. ప్రసాదరావు గారి కోసం చూస్తే, ఆయన అందరికన్నా ముందు బయటపడ్డట్టున్నారు. ఉన్నా ఆయనకి రహస్య సంఖ్య తెలియదు.

"పెట్టె ఎక్కడుంది?" అన్నారు మామగారు.

పక్కనే, పాత టిక్కెట్ల గదిలో. తలుపు తీస్తే పీటల మీద నుంచే ఆయన వీపు కనపడుతుంది. ఆయన పట్టుపంచె ఎగ్గట్టి వెళ్ళి పానెల్ ముందు నిలబడ్డారు. నా చెయ్యి మాధవి తల మీద, నా నోరు మామగారి వైపు. ఒకవైపు హారన్, ఇంకోవైపు గట్టిమేళం. పంతులు గారు ఆపమని చెప్పలేదు గనక మేళం వాళ్ళు ఆపలేదు. పైగా హారన్ తమకి పోటీ అనుకున్నారో ఏమో, డోలు ఆయన ఇంకా హుషారుగా వాయించసాగాడు.

ముందు సంఖ్య నొక్కాలండి అని అరిచి, నాలుగు అంకెలూ చెప్పాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ అరిచాను. మూడోసారి అరిచేటప్పటికి మాధవి తల వంచుకుని నవ్వుతోంది.

"అది మీరు మా ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చిన తేదీ కదూ?" అంది.

అవునన్నాను. వాచ్‌మన్‌కి అందకూడదని పెట్టుకున్న రహస్యం గుమ్మంలో ఉన్న పెళ్ళివారికి కూడా వినపడేలా గొంతు చించుకుని చెప్పాల్సి వచ్చింది. అయితే ఆ గలభాలో నా తల మీదున్న ఆమె చెయ్యి కాస్త గట్టిగా ఆనుకున్నట్టు నాకు తెలిసింది.

సంఖ్య కుదిరింది. ఇప్పుడు హారన్ ఆపే మీట నొక్కాలి. దాని పక్కనే, అన్నీ మొదటికి తెచ్చే మీట ఉంటుంది. గాలిలో పొగ ఇంకా ఉండగా అది నొక్కితే, పానెల్ ఒక్క క్షణం ఊరుకుని, పొగని కొత్తగా చూసి, కొత్తగా మొదలెడుతుంది. నేను కుడివైపుది అని అరిచాను. హెడ్మాస్టరు గారు ముప్పై ఏళ్ళుగా పిల్లలకి ఎదురుగా నిలబడి కుడి ఎడమలు చెప్పిన మనిషి, అలవాటు కొద్దీ నా కుడి అంటే తన ఎడమ అని లెక్కగట్టారు. హారనూ గొంతూ ఆగిపోయాయి. ఆయన విజయగర్వంతో నావైపు తిరిగారు.

"ప్రియమైన అతిథులకు మనవి."

"మీరు మళ్ళీ మొదలెట్టారండీ" అన్నారు ఆయన, నాతో.

వెనక్కి రాబోతూ గుమ్మంలో నిలబడ్డ కొద్దిమంది, రెండోసారి చెప్పించుకోవడం మర్యాద కాదని వెళ్ళిపోయారు. ఇంకో రెండుసార్లు ఇదే జరిగింది. చివరికి ఆయన సరైన మీట నొక్కారు. గొంతు ఆగింది. డోలు ఆయన మాత్రం ఇంకాసేపు ఒంటరిగా వాయించి, చుట్టూ చూసుకుని, తనూ ఆపేశాడు.

"ముహూర్తం దాటలేదు, చేతులు కదల్లేదు. దివ్యంగా జరిగింది" అన్నారు పంతులు గారు.

అంత పెద్ద హాల్లో మేం ఇద్దరం, మామగారు, పంతులు గారు, మేళం వాళ్ళు, మూకుడు పట్టుకున్న నాయనమ్మ గారు. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవు, అందుకే మిగిలారు. బయట రోడ్డు మీద పెళ్ళివారంతా గుంపులు కట్టి, పెళ్ళికొడుకు మైకులో పెళ్ళి వద్దన్నాడట అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మా ప్రసాదరావు గారు మాత్రం, వ్యవస్థ అంటే అలా పనిచేయాలండి అంటూ వాళ్ళకి విజిటింగ్ కార్డులు పంచుతున్నారు. మామగారు వెళ్ళి, పొద్దున ప్రార్థనకి పిల్లల్ని నిలబెట్టే గొంతుతో పెళ్ళి జరుగుతోందని ప్రకటించి, అందర్నీ వరసలో లోపలికి తెచ్చారు. మా పెదనాన్న ఆ వరసలో అందరికన్నా క్రమశిక్షణగా నడిచారు.

అందరూ లోపలికి వచ్చాక గానీ నాకు తట్టలేదు. కూతురి తల మీద జీలకర్ర బెల్లం ఉన్నంతసేపూ ఆయన గోడ వైపు తిరిగి మీటలు నొక్కుతున్నారు. ఆ ముహూర్తాన్ని కళ్ళారా చూడాలని ఎన్నేళ్ళ నుంచి అనుకున్నారో. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నన్ను క్షమించండి, మీరు చూడలేకపోయారు అన్నాను. ఆయన పంచె చెంగుతో మొహం తుడుచుకున్నారు. మాధవి నా చెయ్యి పట్టుకుని తన తల మీద మళ్ళీ పెట్టుకుంది, తన చెయ్యి నా తల మీద పెట్టింది. "ఇప్పుడు చూడండి నాన్నా" అంది. పంతులు గారు అభ్యంతరం చెబుతారేమో అనుకున్నాను, ఆయన అటు తిరిగి తమలపాకులు సర్దుకున్నారు. మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, తనివితీరా చూశారు.

భోజనాల దగ్గర ఆయన పక్కన ఎవరో బంధువు, అల్లుడేం చేస్తుంటాడని అడగడం నా చెవిన పడింది. నేను ముద్ద ఆపి విన్నాను. మామగారు ఈసారి కాఫీల సంగతి ఎత్తలేదు.

"అలారాలండి. చాలా బాగా పనిచేస్తాయి. ఆపడమే కష్టం" అన్నారు.

నేను కోరుకున్న సర్టిఫికెట్ అదే. కాకపోతే వీడియో ఒకటి మిగిలిపోయింది. వీడియో తీసే ఆయన కూడా నా ఆజ్ఞ పాటించి, కెమెరా ఆపకుండానే బయటికి పరిగెత్తాడట. అందుకని మా పెళ్ళి క్యాసెట్లో సుముహూర్తం ఉండదు. దాని బదులు పట్టుచీరలూ పంచెలూ రోడ్డు మీదికి వరదలా రావడం, వెనకనుంచి ప్రమాదం పొంచి ఉందని నేను హెచ్చరించడం ఉంటాయి. రేపల్లెలో ఆ క్యాసెట్ చూడని ఇల్లు లేదు.

ఇంత జరిగాక ప్రమాణం చేయకపోతే బావుండదు గనక, స్నానం చేసి, తూర్పు ముఖంగా కూర్చుని, కాగితం మీద గంభీరంగా ఇలా రాశాను: "నేను అలారం బిగించిన హాల్లో నా కంఠంలో ప్రాణం ఉండగా మళ్ళీ పెళ్ళి చేసుకోను." రాసినదంతా ఎప్పుడూ మాధవికి చూపించే అలవాటు. ఆవిడ చదివి, కలం అడిగి, "నేను అలారం బిగించిన హాల్లో" అన్న మాటలు కొట్టేసి కాగితం తిరిగిచ్చింది. సవరణని సవినయంగా ఆమోదించి సంతకం పెట్టాను.